నోట పలకని పేరు

సిలౌటీ
ఏప్రిల్ 12, 1987

ఆడబిడ్డ హంసకు,

నువ్వు బస్సెక్కి నలభై రోజులైంది. చేరానని ఒక్క కార్డుముక్క రాయలేదు. మైదానం గాలి తగిలితే కొండవాళ్ళు గుర్తుండరు కాబోలు. సరే, నీ మీద కోపం తర్వాత తీర్చుకుంటాను, ముందు సంగతులు విను.

గేదె ఈనింది. పెయ్యదూడ. మీ అన్న ఉండి ఉంటే జున్ను కోసం పొయ్యి దగ్గరనుంచి కదిలేవారు కాదు. వండి గిన్నె పక్కన పెట్టాక గుర్తొచ్చింది, తినే మనిషి లేడని. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడ్చి తినేశాను. జున్ను పారబోసేంత తప్పు ఆ గేదె ఏం చేసింది?

మొన్న మంగళవారం పెన్షన్ కాగితాల కోసం జిల్లా ఊరికి పోయాను. పోయిన సిపాయిల పెళ్ళాలకు సగం పెన్షన్ వస్తుందనీ, దాంతోపాటు మిలిటరీ ఆసుపత్రి కార్డు కూడా ఇస్తారనీ నీకు తెలిసిందే. నాకు ఆ కార్డు మీదే కన్ను. కన్నంటే నిజంగా కన్నే. కుడికంట్లో పొర ముదిరింది. ఎడమది దాని వెనకే నడుస్తోంది. మీ ఊరి మిలిటరీ ఆసుపత్రిలో కోసి తీసేస్తారట కదా, కార్డు ఉంటే.

అక్కడ పెన్షన్లు చూసే సైనిక్ బోర్డు ఆఫీసులో కళ్ళజోడు గుమాస్తా ఒకడు, మైదానం మనిషి, "నీ భర్త పేరు చెప్పు" అన్నాడు. ఏ నోటితో చెప్పను? ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఒక్కసారి పలకలేదు, ఇప్పుడు వీడి ఫారం కోసం పలుకుతానా? "చెప్పకపోతే ఎలా రాయను?" అని కసిరాడు. "నంబరు చెబుతాను రాసుకో నాయనా" అని గడగడా అప్పజెప్పాను. 4137286, హవల్దార్, చార్లీ కంపెనీ. ఇరవై ఏళ్ళు ఉత్తరాల మీద రాసిన నంబరు. గుమాస్తా నోరు తెరిచాడు. పక్కనున్న ముసలి సుబేదార్ ఒకాయన నవ్వి, రికార్డు చూసి పేరు తనే రాయించాడు.

నా రాత వంకర్లు పోతోందని నవ్వకు. గీత కనపడకుండానే రాస్తున్నాను. నా ఉత్తరం పోస్టుమాస్టరు చదవకూడదనే మీ అన్న పట్టుబట్టి నాకు అక్షరాలు నేర్పారు. ఇప్పుడు గుడ్డిదాన్నయి అదే పోస్టుమాస్టరు చేత చదివించుకుంటే ఆయన ఊరుకుంటారా?

నీ వదిన
జసులి

*

బరేలీ కంటోన్మెంట్
ఏప్రిల్ 24, 1987

వదినకు హంస నమస్కారాలు.

కార్డుముక్క రాయనందుకు తిట్టు, పడతాను. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మా అత్తగారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళకుండ పక్కనే కూర్చుని లోకాన్ని ఏలుతోంది. నాకు ఉత్తరం రాసే తీరిక ఆవిడ కునుకు తీసినప్పుడే.

అన్నయ్య పోయినా పేరు పలకవా? నీ బదులు నేను పలుకుతాను, చెల్లెలికి అడ్డేముంది. జమన్ సింగ్. జమన్ సింగ్ బోరా. ఇదిగో రెండుసార్లు రాశాను. నీకు కావాల్సినప్పుడు ఈ ఉత్తరం తీసి చూసుకో.

పెన్షన్ గురించి బెంగపడకు. పన్నెండో రోజున ఉమేద్ చుట్టాలందరి చేతా సంతకాలు పెట్టించాడు కదా, పిన్ని పెన్షన్ పనికి కావాలని. నేనూ పెట్టాను. అంత గోలలోనూ వాడొక్కడే ముందుచూపుతో కాగితాలు తెచ్చాడు. పెద్దన్నయ్య కొడుకైనా నీకు కొడుకులాగే నిలబడ్డాడు. పని తొందరగానే అవుతుంది. కార్డు రాగానే వచ్చెయ్. మా వంటింటి పక్కగదిలో మంచం వేస్తాను.

వచ్చేటప్పుడు ఉలవలు తే. ఇక్కడివి ఎంత ఉడికించినా రాళ్ళే.

నీ హంస

*

సిలౌటీ
జూన్ 8, 1987

హంసా,

కొడుకులాగే నిలబడ్డాడని రాశావు చూడు, నీ నోట్లో చక్కెర పొయ్య! ఏం నిలబడ్డాడో చెబుతాను విను.

మొన్న మిలిటరీ రికార్డు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఎండలో కూర్చుని, ఒక్కో ముక్క పట్టిపట్టి చదివేసరికి మధ్యాహ్నమైంది. ఉమేద్ అర్జీ పెట్టాడట. అందులో మాటలు వాళ్ళు ఎత్తి రాశారు, నేనూ ఎత్తి రాస్తున్నాను. "సదరు స్త్రీ మా చిన్నాన్న ఇంటికి ధాంటిగా, అనగా మొదటి మొగుణ్ణి వదిలేసి, వచ్చి చేరిన మనిషే తప్ప పెళ్ళాడిన భార్య కాదు. ఆమె మొగుడు గుమాన్ సింగ్ ఇంకా బతికే ఉన్నాడు. విడాకులు జరగలేదు. కావున పెన్షన్ ఇవ్వరాదు." కాబట్టి గుమాన్ సింగ్ నన్ను వదులుకున్నట్టు రుజువు తెమ్మంటున్నారు. లేకపోతే నేను మీ అన్న భార్యను కాను.

వాడికి నా పెన్షన్ దేనికి? వాడికి కావలసింది పై మడిచెక్కలు. నేను భార్యను కాకపోతే ఈ ఇల్లూ నాది కాదు, మడీ నాది కాదు. నాకు పిల్లల్లేరు కదా, అడిగేవాడెవడు? హంసా, వాడు పుట్టినప్పుడు వాళ్ళమ్మకు జబ్బు చేస్తే మా గేదెపాలు తాగి బతికాడు. నా చేతి అన్నం ఎన్ని వందలసార్లు తిన్నాడో! భార్య కాని దాని చేతి అన్నం మన బిరాదరీలో, మన కులంవాళ్ళలో, ఎవడు తింటాడు? ఆ అన్నం తినేటప్పుడు గుర్తు రాలేదా నేను ధాంటినని? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

ధాంటినే. ఎవరికి దాచాను? నా కాళ్ళతో నేను నడిచి వచ్చాను. పల్లకీలో కట్టి ఎత్తుకొస్తే ఏడుస్తూ వచ్చినదాన్ని కాదు.

అరవై రెండు యుద్ధంలో ఆయన కనబడకుండా పోయినప్పుడు తంతి ఎవరి పేరున వచ్చింది? "నీ భర్త ఆచూకీ లేదు" అని ఈ సర్కారే నాకు పంపింది. మూడు నెలలు ఆ కాగితం రొమ్ముకు అదుముకుని బతికాను. అప్పుడు భార్యను. ఇప్పుడు కన్ను బాగుచేయించమంటే ఎవరో తెలియదట!

ఏం చెయ్యాలో మీ ఆయన్ని అడిగి రాయి. ఆయన ఆఫీసు మనిషి కదా.

నీ వదిన
జసులి

*

బరేలీ కంటోన్మెంట్
జూన్ 20, 1987

వదినకు,

నీ ఉత్తరం అందింది. ఉమేద్ ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు.

మా ఆయన తాపీగా ఆలోచించి ఒక దారి చెప్పారు. కోపం తెచ్చుకోకుండా విను. ఆయనకు తెలిసిన పంతులు ఒకడున్నాడు. నలభై ఎనిమిదిలో ఫలానా గుడిలో మీ ఇద్దరికీ ఏడడుగులు నడిపించానని రాసి సంతకం పెడతాడు. గుమాన్ సింగ్ అనే మనిషిని ఎప్పుడూ ఎరగనని చెప్పు. అప్పటి ముసలివాళ్ళంతా పోయారు, ఎవడొచ్చి కాదంటాడు? గుడి పేరు, తేదీ బట్టీపట్టు, చాలు. పెన్షన్, కార్డు అన్నీ వచ్చేస్తాయి.

ఇంకొక్క మాట. ఆ ధాంటి సంగతి ఉత్తరాల్లో అంత విప్పి రాయకు వదినా. మా అత్తవారింట్లో ఎవరికీ తెలియదు. మా అత్తగారి నోరు నీకు తెలుసుగా. మొన్న నీ ఉత్తరం ఆవిడ చేతిలో పడబోయి తప్పింది.

ఆలోచించి వెంటనే రాయి.

నీ హంస

*

సిలౌటీ
జూలై 5, 1987

హంసకు,

పంతులు సంగతి చదివాను. మీ ఆయనకు చెప్పు, నాకు దొంగ పెళ్ళి అక్కర్లేదు. ఉన్న పెళ్ళి చాలు.

గుమాన్ సింగ్‌ను ఎరగనని చెప్పాలా? వాడింట్లో ఆరేళ్ళు గడ్డి మోశాను. ఎనిమిదో నెల కడుపుతో మోశాను. చచ్చిన బిడ్డను కన్నాను. పదో రోజు వాళ్ళమ్మ కొడవలి చేతికిచ్చి గేదెల మేతకు ఆకులు కోసుకు రమ్మంది. అదంతా లేదనాలా? లేదంటే నేను ఎందుకొచ్చానో కూడా లేనట్టే. మీ అన్న నన్ను ఎందుకు ఏలుకున్నారో కూడా లేనట్టే. ఆ మనిషి కంపెనీ అంతటి ఎదుటా, ఆఫీసరు ముందు నిలబడి, "ఈమె నా భార్య, రాసుకోండి" అని నా పేరు రాయించారు. ఆయన దాచనిది నేను దాస్తానా?

నీకు సిగ్గుగా ఉందని ఇన్నాళ్ళకు తెలిసింది. ఆ ముక్క మొదటే చెబితే ఉత్తరాలు రాయడం మానేసేదాన్ని.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. నిన్న బోర్డుకు పోతే ఉమేద్ అర్జీ నకలు చూపించారు. కింద అయిదు సంతకాలు. మూడోది నీది. ఎడమకన్ను దగ్గర పెట్టుకుని చూశాను, రెండుసార్లు చూశాను. నీ "హ" తోక నాకు తెలియదా, నేనే కదా దిద్దించాను, ఒకే పలక మీద ఇద్దరం నేర్చుకున్నాం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను.

ఉలవలు ఎవరి చేతికైనా ఇచ్చి పంపిస్తాను.

నువ్వు సంతకం పెట్టినట్టే, మీ అన్నకు ఏమీ కాని
జసులి

*

బరేలీ కంటోన్మెంట్
జూలై 16, 1987

వదినా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు నీకంటే ఎక్కువ కోపం వచ్చింది. అందుకే రాస్తున్నాను.

నేను సంతకం పెట్టింది తెల్లకాగితం మీద. పన్నెండో రోజున విస్తళ్ళు లేవకముందే ఉమేద్ తెచ్చి "అత్తా, ఇక్కడ" అన్నాడు. పిన్ని పెన్షన్‌కే అన్నాడు. ఏప్రిల్లోనే నీకు రాశాను, నా ఉత్తరం తీసి చూడు! దొంగనైతే దొంగతనం చేశానని ఉత్తరం రాస్తానా? దాని మీద ఏం రాస్తావని అడక్కుండా పెట్టాను, అది నా బుద్ధితక్కువ. దానికి చెప్పు తీసుకుని కొట్టు. కానీ ఏమీ కానని రాశావే, అది మాత్రం ఎలా రాశావు?

నువ్వు మా ఇంటికి వచ్చిన సాయంత్రం నీకు తలుపు తీసింది ఎవరు? నాకు పన్నెండేళ్ళు. నెత్తిమీద ఓక్ ఆకుల మోపుతో గుమ్మంలో నిలబడ్డావు. అన్నయ్య సెలవులో ఉన్నాడు, నీ వెనక పది బారల దూరంలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. "మోపు దించుకో, బరువుగా ఉందా?" అన్నది నేను. ఈ ఇంట్లో నీతో మొదటి మాట నాది.

ఎనిమిదో రోజు గుమాన్ సింగ్ ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. కొడవళ్ళు లేస్తాయని నేను అటకెక్కాను. పైనుంచి అంతా చూశాను. నీ పెళ్ళికి వాళ్ళు మీవాళ్ళకిచ్చిన ఓలి డబ్బు అన్నయ్య తిరిగి ఇచ్చాడు, అతను పుచ్చుకున్నాడు. "ఇక దాని మీద నాకు హక్కు లేదు" అన్నాడు. రాజీకి గుర్తుగా నాన్న హుక్కా ఇస్తే పీల్చి మరీ పోయాడు. అతను వాకిలి దాటాక నువ్వు లోపలినుంచి "గుమాన్ సింగ్ పోయాడా?" అని అడిగావు. అంతవరకూ అతన్ని "వాళ్ళు" అనేదానివి. నీ నోట ఆ పేరు రాగానే అమ్మ నవ్వి, "ఇక ఇది మన కోడలే" అంది. నీకు గుర్తు లేదేమో, నాకుంది.

ఇదంతా కాగితం మీద రాసి, ఉమేద్ నన్ను మోసంచేసి సంతకం తీసుకున్నాడని కూడా రాసి, రిజిస్టరు పోస్టులో బోర్డుకు పంపాను.

సిగ్గు సంగతి. అవును, పడ్డాను. నీ గురించి కాదు, ఇక్కడి నోళ్ళకు భయపడి. నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అత్తగారికి అంతా చెప్పేశాను. పిడుగు పడుతుందనుకున్నాను. ఆవిడ చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. తర్వాత, "మోపు దించకుండానే నడిచిందా? నాకు ఆ కాళ్ళు లేకపోయాయి" అంది. పప్పు మళ్ళీ వడ్డించమంది. అంతే.

నువ్వు ఏమనుకున్నా
నీ ఆడబిడ్డ హంస

*

సిలౌటీ
ఆగస్టు 3, 1987

నా హంసకు,

నీ ఏప్రిల్ ఉత్తరం వెతికి తీసి చదివాను. ఉంది, నువ్వన్నట్టే ఉంది. నా కంటికి పొర వచ్చిందని తెలుసు, బుద్ధికి కూడా వచ్చిందని ఇప్పుడు తెలిసింది. చెప్పు నువ్వు తే, వీపు నేను పడతాను.

మీ అత్తగారికి నా దండం చెప్పు. ఆవిడ కోసం వేరే మూటలో ఉలవలు పంపుతాను.

నువ్వు పంపిన కాగితం బోర్డుకు చేరింది. కార్యదర్శి రిటైరైన మేజర్, మన కొండల మనిషే. చదివి తల ఊపాడు. "కానీ అమ్మా, ఆడపడుచు మాట ఇంటి మాటే అవుతుంది. ఆ పెద్దమనుషులుంటే తీసుకురా" అన్నాడు. ఇద్దరూ ఎప్పుడో పోయారు. మీ నాన్నా లేరు. ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నవాళ్ళలో ఇంకా బతికున్నది నువ్వూ, నేనూ, గుమాన్ సింగూ.

అందుకని వాడి ఊరికి పోతున్నాను. వానకు దారి రెండుచోట్ల జారింది, పైనుంచి చుట్టు తిరిగి పోవాలి. విచారణ సెప్టెంబరు ఇరవై రెండున. అడిగితే కాదంటాడు, అంతే కదా. నా కాళ్ళు ఒకసారి ఆ ఊరి నుంచి వచ్చాయి, ఒకసారి పోలేవా?

నీ వదిన
జసులి

*

బరేలీ కంటోన్మెంట్
ఆగస్టు 14, 1987

వదినా, వద్దు!

వదిలి వచ్చిన గడప తొక్కకూడదని పెద్దలు ఊరికే అనలేదు. నువ్వు పోయి అడిగితే అతని పరువు నీ చేతిలో మళ్ళీ పోయినట్టు. నలభై ఏళ్ళ కసి ఉంటుంది. పైగా ఉమేద్ ఈపాటికి అతని దగ్గరికి పోకుండా ఉంటాడా? ఆ మనిషి బోర్డులో నిలబడి "అవును, ఇది నా పెళ్ళామే" అన్నాడంటే అంతా అయిపోతుంది. పెన్షన్ పోతే పోనీ. నా గాజులమ్మి నీ కన్ను బాగుచేయిస్తాను.

ఈ ఉత్తరం నువ్వు బయలుదేరకముందే అందాలని గొల్లు దేవుడికి మొక్కుకున్నాను.

హంస

*

సిలౌటీ
సెప్టెంబరు 30, 1987

హంసకు,

నీ ఉత్తరం నేను పోయి వచ్చిన మర్నాడు అందింది. గొల్లు దేవుడికి మన తపాలా సంగతి తెలియదు పాపం. గాజులు ఎక్కడున్నాయో అక్కడే ఉంచు. తాపీగా కూర్చో, అంతా వరసగా రాస్తాను. మూడు రోజులుగా కొంచెం కొంచెం రాస్తున్నాను.

గుమాన్ సింగ్ ముంగిట్లో ఎండలో కూర్చుని అక్రోట్లు పగలగొడుతున్నాడు. పళ్ళు లేవు, ఎవరి కోసమో. "ఎవరు?" అన్నాడు. "జసులిని" అన్నాను. చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని చూశాడు, చూశాడు. చివరికి, "ఆకులకని పోయావు, నలభై ఏళ్ళు పట్టిందా? మోపేదీ?" అన్నాడు.

హంసా, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపలినుంచి వాడి పెళ్ళాం బిష్ణా వచ్చింది. ఆవిడే నవ్వింది. నా చేతికి మజ్జిగ ఇచ్చి, "నువ్వు పోబట్టే నేనొచ్చాను, కూర్చో అక్కా" అంది.

వచ్చిన పని చెప్పాను. వాడు అక్రోటు మీంచి చూపు ఎత్తలేదు. "మీ ఉమేద్ కూడా వచ్చాడు. నేను బతికే ఉన్నానని బోర్డులో కనబడాలట. వస్తానన్నాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "అయితే వాడి పక్షమా?" అన్నాను. "బతికున్న మాట నిజమేగా" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క రాలలేదు. అప్పుడూ అంతే, వాళ్ళమ్మ ముందు కూడా అంతే. మజ్జిగ సగంలో దించి లేచి వచ్చేశాను. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. మర్నాడే నీ ఉత్తరం, అందులో నువ్వు భయపడిందంతా నిజమే. ఆ నెలంతా ఎలా గడిచిందో అడక్కు.

ఇరవై రెండున బోర్డు హాలు నిండా పెన్షన్ల పనిమీద వచ్చిన కొండవాళ్ళు. గుమ్మం దగ్గర నాలాంటి ముసలమ్మలు ఏడెనిమిది మంది, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సిపాయి కాగితాలు. మేజర్ గారు కూర్చున్నారు. కళ్ళజోడు గుమాస్తా రాస్తున్నాడు. ఉమేద్ కోటు తొడుక్కొచ్చాడు, మీ అన్నదే, పన్నెండో రోజున నేనే ఇచ్చాను. వాడు లేచి, వెనక మూల నిలబడ్డ గుమాన్ సింగ్‌ను చూపించి, "సార్, ఇంకేం రుజువు కావాలి? ఈవిడ మొగుడు అదిగో, ప్రాణాలతో నిలబడ్డాడు!" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నాకు భయం వేసింది హంసా, అబద్ధం చెప్పను. తర్వాత ఆ కోటు చూశాను. మోచేతి దగ్గర నేను వేసిన మాసిక చూశాను. భయం పోయింది.

"గుమాన్ సింగ్!" అని కేకేశాను. గేదెను అదిలించినట్టు వచ్చింది గొంతు. "ఏయ్ గుమాన్ సింగ్! మూలకు నక్కుతావేం? ముందుకొచ్చి నిలబడు!"

గుమ్మం దగ్గర ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొదట ఒకావిడ నవ్వింది, తర్వాత అందరూ. ఉమేద్‌కు అప్పుడు వెలిగింది, మొహం కోటులోకి పోయింది. గుమాస్తాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. మేజర్ గారు మీసం దువ్వుకుంటూ, "ఏమయ్యా ఉమేద్, మీ ఇంట్లో ఆడవాళ్ళు మొగుణ్ణి ఇలాగే పిలుస్తారా?" అన్నారు.

తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పమ్మా, నీ భర్త పేరు?" అన్నారు.

నేను తల వంచుకున్నాను. కొంగు సర్దుకున్నాను. "4137286, హవల్దార్, చార్లీ కంపెనీ" అన్నాను. మేజర్ గారు గుమాస్తా చేతిలోంచి కలం తీసుకుని, పేరు తనే రాసుకున్నారు.

"ఇది మనకు చాలు, రికార్డు ఆఫీసుకు చాలదు" అని గుమాన్ సింగ్‌ను అడిగారు. వాడు ముందుకొచ్చాడు. టోపీ తీశాడు. నెమ్మదిగా, ఒక్కో మాట ఏరుకుని చెప్పాడు. ఓలి వెనక్కి పుచ్చుకున్నానని చెప్పాడు, పెద్దమనుషుల పేర్లు చెప్పాడు, మీ నాన్న హుక్కా పీల్చానని కూడా చెప్పాడు. ఉమేద్ "నాతో ఇలా అనలేదే!" అని అరిస్తే, "నువ్వు బతికున్నావా అని అడిగావు, ఉన్నానన్నాను. ఇంకేం అడిగావు?" అన్నాడు.

వేలిముద్ర వేయబోయి ఆగాడు. "ఇంకొకటి రాయండి. దీన్ని పదిరోజుల బాలింతను మా అమ్మ ఆకులకు పంపుతుంటే నేను గుమ్మంలోనే కూర్చున్నాను. నోరు మెదపలేదు. ఆ రోజే ఇది నా భార్య కాకుండా పోయింది, ఓలి వెనక్కి పుచ్చుకున్న రోజున కాదు. ఇవాళ నోరు మెదిపాను. రాసుకోండి" అన్నాడు.

గుమాస్తా మేజర్ గారి వైపు చూశాడు. "రాయి" అన్నారాయన.

బయటికొచ్చాక గుమాన్ సింగ్ నా కోసం ఆగాడు. "బిష్ణా అక్రోట్లు పంపింది" అని మూట చేతిలో పెట్టి బస్సు వైపు పోయాడు. ఆ బిడ్డ కోసం ఏడవడానికి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే ఉన్నాననుకునేదాన్ని ఇన్నాళ్ళూ. వాడూ ఉన్నాడన్నమాట.

కన్ను మండుతోంది, ఆపుతాను.

నీ వదిన
జసులి

*

సిలౌటీ
డిసెంబరు 19, 1987

హంసమ్మకు, వాళ్ళ అత్తగారికి నా దండాలు.

కాగితం వచ్చింది. పెన్షన్ కాగితం, ఆసుపత్రి కార్డు రెండూ.

పోస్టుమాస్టరు చదివి పెడతానని చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. కుడికన్ను ఇప్పుడు తెల్లగోడే, ఎడమదానితో మేడమీద ఎండలో, కాగితం ముక్కుకు ఆనించి చదువుకున్నాను. పైన ఆయన నంబరు, పక్కన పేరు. కింద నా పేరు. రెండింటి మధ్యా "భార్య". నాలుగుసార్లు చదివాను. వేలు పెట్టి తడిమాను. టైపు మిషను అచ్చు కాగితం వెనక్కి పొడుచుకొచ్చింది, చీకట్లో అయినా తగులుతుంది. కన్ను బాగుపడినా పడకపోయినా ఈ ముక్క నాకు తెలుస్తుంది.

ఉమేద్ పెళ్ళాం నిన్న గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది, పిల్లలకు పెరుగు కావాలని. ఇచ్చాను. పెరుగుకు అర్జీలు తెలియవు. ఉమేద్ మాత్రం రావడం లేదు, పై మడి గట్టు మీదుగా చుట్టు తిరిగి పోతున్నాడు. వాడి చలికి ఆ కోటు ఉందిగా, వెనక్కి అడగను.

ఫిబ్రవరిలో కన్ను కోస్తారట, మీ ఊరికి వస్తాను, మంచం వెయ్యి. కానీ అంతకు ముందు నువ్వు ఒకసారి ఇక్కడికి రావాలి. చలి అనకు, పని ఉంది అనకు, అత్తగారిని అడగాలి అనకు, ఆవిడ పంపుతుంది.

నువ్వు వచ్చి మన ముంగిట్లో నిలబడి ఈ కాగితం చదవాలి. మొదటి ముక్క నుంచి చివరి ముద్ర దాకా. ఆ పేరు నా నోట రాదు, నీ నోట రావాలి, రెండుసార్లు రావాలి. గొంతు తగ్గించకు. ఉమేద్ ఇల్లు పక్కనే, మధ్యగోడ పల్చన.

4137286 హవల్దార్ గారి భార్య
జసులి